సీజన్‌లో బోటు నిండుగానే వెళుతోంది, ఏడాది చివర డైవ్ సెంటర్‌కు మిగిలేది సున్నా. లీకు ఎక్కడ? (ఇది ఒక చర్చ. ఒక్కో భాగం పైన ఉన్నది రాసినవారి కలం పేరు.)

తెరచాప

ఒక స్కూబా డైవ్ సెంటర్ లెక్కలు ఇవి. బోటులో 12 సీట్లు. సిలిండర్లు 30, అన్నీ 11.1 లీటర్ల అల్యూమినియంవే. నిమిషానికి 100 లీటర్ల గాలి నింపే కంప్రెసర్ ఒకటి. అద్దెకిచ్చే డైవ్ సామాను సెట్లు 16. ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లు, ఇద్దరు డైవ్‌మాస్టర్లు (సర్టిఫికెట్ ఉన్న డైవర్ల వెంట దిగేవాళ్ళు). సీజన్ ఆరు నెలలు, రోజుకు రెండు డైవ్‌ల ట్రిప్పు ఒకటి. వచ్చేవాళ్ళలో పదికి ఏడుగురు మొదటిసారి నీళ్ళలో దిగేవాళ్ళు, అంటే ట్రై డైవ్‌వాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది హోటళ్ళ ద్వారా, బుకింగ్ సైట్ల ద్వారా వస్తారు.

బోటు ఖాళీగా వెళ్ళే రోజులు తక్కువే. అయినా జీతాలు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్ కట్టాక చేతిలో ఏమీ మిగలడం లేదు. పక్క సెంటర్ రేటు పావు వంతు తగ్గించింది, మనమూ తగ్గించి రెండో బోటు దింపితే జనం పెరిగి గట్టెక్కుతామని భాగస్వాముల్లో ఒక వాదన. ఆ నిర్ణయానికి ముందు ఏమేం తేల్చుకోవాలి? ధరలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి నిష్పత్తుల్లో చెబితే చాలు.

గల్లాపెట్టె

రెండో బోటు మాట కాసేపు పక్కన పెట్టి, ఒకే ఒక్క ట్రిప్పును విడిగా తీసి లెక్క వేయండి. ఏడాది మొత్తాన్ని ఒకే పద్దులో చూస్తే లాభం తెచ్చే ట్రిప్పు, నష్టం తెచ్చే ట్రిప్పు కలిసిపోయి ఏదీ తేలదు.

డబ్బును యూనిట్లలో అనుకుందాం. బోటు రేవు వదిలిందంటే ఒకరున్నా పన్నెండుమంది ఉన్నా తప్పని ఖర్చు ఒకటుంటుంది. డీజిల్, సరంగు, డెక్ మనిషి, ఆ రోజు దిగే ఇన్‌స్ట్రక్టర్ల కూలి, రేవు రుసుము. అది 60 అనుకోండి. డైవర్ కట్టేది 20. అందులో హోటల్‌కో సైట్‌కో కమీషన్ 20 శాతం, అంటే 4. మనిషికి విడిగా పడే ఖర్చు (గాలి, సామాను అరుగుదల, పార్కు రుసుము, తిండి) 6. చేతికి మిగిలేది 10. అంటే ఆరుగురు ఎక్కితేనే ట్రిప్పు బ్రేక్ ఈవెన్, అంటే లాభం, నష్టం రెండూ లేని స్థితి. ఏడో మనిషి నుంచే మీకు ఆదాయం.

ఇప్పుడు పక్కవాళ్ళలాగే పావు వంతు తగ్గించండి. డైవర్ కట్టేది 15, కమీషన్ 3, విడి ఖర్చు అదే 6. మిగిలేది 6. బ్రేక్ ఈవెన్ ఆరుగురి నుంచి పదిమందికి ఎగబాకింది. తగ్గించింది పావు వంతే, మీ మార్జిన్‌లో పోయింది నలభై శాతం. డీజిల్ బంకువాడు మీకు డిస్కౌంట్ ఇవ్వడు కదా.

దీన్నే తిప్పి చూడండి. రేటు 20 దగ్గరే ఉంచి, కమీషన్ లేకుండా నేరుగా వచ్చిన డైవర్ మీద మిగిలేది 14. ఐదుగురితో గట్టెక్కుతారు. ఒక్క సీటు కూడా పెంచకుండా దొరికే డబ్బు ఇదే.

ఇంకో సంగతి. ఆరు నెలలంటే 180 రోజులు కాగితం మీదే. గాలి, అలల వల్ల ఆరు రోజులకొకటి రద్దయినా మిగిలేవి 150. సీజన్ కాని ఆరు నెలల అద్దె, ఇన్సూరెన్స్, శాశ్వత సిబ్బంది జీతం అన్నీ ఆ 150 ట్రిప్పులే మోయాలి. మీ పద్దులో వీటిని 180తో భాగించి ఉంటే అక్కడే తేడా మొదలైనట్టు.

చివరగా ఒక ప్రశ్న. ఆ 12 సీట్లలో సిబ్బంది కూడా ఉన్నారా, లేక విడిగానా?

తెరచాప

సిబ్బంది అందులోనే. మామూలుగా ఆరుగురు ట్రై డైవ్‌వాళ్ళకు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు, సర్టిఫికెట్ ఉన్న ముగ్గురికి ఒక డైవ్‌మాస్టర్. అంటే కస్టమర్లు తొమ్మిదిమందే.

మీ లెక్క ప్రకారం పావు వంతు తగ్గిస్తే బ్రేక్ ఈవెన్ పదిమంది. అంటే బోటు నిండినా నష్టమే!

గల్లాపెట్టె

అంతే. నిండు బోటు మీద ట్రిప్పుకు 6 యూనిట్ల నష్టం. రెండో బోటు కొంటే ఆ నష్టం రెండింతలు. మీ అసలు అంకెలు పెట్టి చూడండి, 60 బదులు 50 రావచ్చు, 70 రావచ్చు. కానీ "బోటు నిండింది" అనే మాటకు అర్థం పన్నెండా తొమ్మిదా అన్నది ముందు తేలాలి.

గాలిసిలిండర్

డబ్బు సంగతి పై ఆయన చెప్పారు, గాలి సంగతి చూద్దాం. రెండో బోటుకు అసలు అడ్డం కంప్రెసర్.

సిలిండర్ 50 బార్ (గాలి ఒత్తిడి కొలత) తో తిరిగొచ్చి 200 బార్‌కు నిండాలంటే 11.1 × 150, అంటే 1,665 లీటర్ల గాలి కావాలి. నిమిషానికి 100 లీటర్ల మిషన్‌కు ఒక్కోదానికి దాదాపు 17 నిమిషాలు. తొమ్మిదిమంది కస్టమర్లు, ముగ్గురు సిబ్బంది, రెండేసి డైవ్‌లు కలిపి 24 సిలిండర్లు. అక్కడికే 6 గంటల 40 నిమిషాలు. గొట్టాలు మార్చడం, నీళ్ళు వదలడం కలిపితే ఏడున్నర. రెండో బోటు వస్తే 48 సిలిండర్లు, 13 గంటలకు పైనే. పైగా మీ దగ్గరున్నవి 30. కాబట్టి రెండో బోటంటే బోటొక్కటే కాదు, రెండో కంప్రెసర్, ఇంకో పాతిక ముప్పై సిలిండర్లు, రాత్రి షిఫ్టుకు ఒక మనిషి. అక్కడే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇక ఇప్పుడున్న కంప్రెసర్‌లోనే డబ్బు కారే చోట్లున్నాయి.

మొదటిది తేమ. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. 24 సిలిండర్లకు మీరు లోపలికి లాగే గాలి 40 ఘనపు మీటర్లు. అంటే రోజుకు దాదాపు ఒక లీటరు నీరు ఆ మిషన్‌లోంచి పోవాలి. నీటిని దానంతటదే వదిలే ఆటో డ్రెయిన్ లేని మిషన్ అయితే 15 నిమిషాలకోసారి చేత్తో కండెన్సేట్ (పోగైన నీరు) వదలాలి. వదలకపోతే ఆ నీరు నేరుగా ఫిల్టర్‌లోకి పోయి తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్‌ను ముంచేస్తుంది. దాని వెనకుండే హోప్‌కలైట్ కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేది. తడి తగిలితే అది పని మానేస్తుంది, బయటికి మాత్రం ఏమీ తెలియదు.

రెండోది వేడి. ఫిల్టర్ కార్ట్రిడ్జి మీద రాసిన గంటలు 20 డిగ్రీల గదికి లెక్కగట్టినవి కావచ్చు. వేడి పెరిగేకొద్దీ ఫిల్టర్ దాకా చేరే ఆవిరి పెరిగి ఆ గంటలు గబగబా పడిపోతాయి. మాన్యువల్‌లో ఉష్ణోగ్రతకు తగ్గ పట్టిక ఉంటుంది, దాన్ని గోడకు అంటించండి. గదిలో వేడిగాలి బయటికి పోయే దారి లేక, మిషన్ తన వేడిని తానే పీల్చే ఏర్పాటు చాలా చోట్ల కనిపిస్తుంది. ఒక డక్టు పెట్టి వేడిగాలిని బయటికి పంపితే దాని ఖర్చు ఫిల్టర్లలోనే తిరిగొస్తుంది.

మూడోది గాలి పీల్చే చోటు. ఇన్‌టేక్ గొట్టం బోటు ఇంజన్ పొగకు, జనరేటర్ పొగకు ఎగువగాలిలో ఉండాలి. గాలి దిశ మారే తీరంలో ఒకే చోట బిగించి వదిలేస్తే కుదరదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 12021 ప్రకారం పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం (పది లక్షల వంతుల్లో 5), నూనె ఘనపు మీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పైన 10 పీపీఎం ఉన్న గాలిని 30 మీటర్ల లోతులో పీలిస్తే శరీరానికి తగిలేది ఉపరితలం మీద 40 పీపీఎంతో సమానం. లైనులో ఒక సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం పెట్టడం ఇన్సూరెన్స్ ప్రీమియంతో పోలిస్తే చిల్లర ఖర్చు.

సిలిండర్ల టెస్టు తేదీలు ఒక షీట్‌లో రాసుకోండి. అమెరికాలో హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసేది) ఐదేళ్ళకు, లోపలి తనిఖీ ఏటా. బ్రిటన్‌లో తనిఖీ రెండున్నరేళ్ళకు, హైడ్రో ఐదేళ్ళకు. మీ దేశపు నియమం ఏదైనా, ముప్పైని ఒకేసారి కొంటే ముప్పై ఒకేసారి టెస్టుకొస్తాయి, అదీ సరిగ్గా సీజన్ మొదట్లో. ఆరు ఆరుగా విడదీసి ఖాళీ నెలల్లో పంపండి. పాతవి చవగ్గా దొరికాయని కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. 1990కి ముందటి అల్యూమినియం సిలిండర్లలో 6351 మిశ్రమలోహంవి ఉంటాయి, వాటి మెడ దగ్గర పగుళ్ళు వస్తాయి. నింపడానికే ఒప్పుకోని స్టేషన్లున్నాయి. 6061 మిశ్రమలోహం అయితేనే తీసుకోండి.

అలలగూడు

గల్లాపెట్టె గారి లెక్కతో గొడవ లేదు. కానీ ఇది చదివి ట్రై డైవ్‌లే దండగ అనుకుంటారేమో. అవి లేకపోతే కొత్త డైవర్ పుట్టడు. తప్పు ట్రై డైవ్‌లో లేదు, ఆ మనిషిని సాయంత్రం బోటు దిగగానే మరచిపోవడంలో ఉంది. కమీషన్ కట్టి తెచ్చుకున్న మనిషిని ఒక్కసారికే వదిలేస్తే, మళ్ళీ ఇంకొకరికి కమీషన్ కట్టాలి. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

ట్రై డైవ్‌లో మనుషుల ఖర్చు ఎక్కువన్నది నిజం. ప్యాడీ అనే శిక్షణ ఏజెన్సీ పద్ధతిలో ట్రై డైవ్‌కు లోతు పరిమితి 12 మీటర్లు, సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ చేతికింద నలుగురే. ఓపెన్ వాటర్ కోర్సు (మొదటి సర్టిఫికెట్ ఇచ్చేది) విద్యార్థులైతే ఎనిమిదిమంది దాకా. అది గరిష్ఠం. నీళ్ళు మసకగా ఉంటే నలుగురు కూడా ఎక్కువే, ఇద్దరితో దిగాల్సిన రోజులుంటాయి. ఆ రోజుల లెక్కను మీ సగటులో కలిపారో లేదో చూడండి.

కోర్సులో చేరకపోవడానికి కారణాలు చాలావరకు ఆ మొదటి గంటలోనే ఉంటాయి. మాస్కులో నీళ్ళు కారడం, సూటు వదులై చలి వేయడం, చెవి నొప్పి. చెవి నొప్పికి మందు తొందరపెట్టకపోవడమే. తాడు పట్టుకుని ఒక్కో మీటరు దించాలి. మాస్కులు మూడు సైజుల్లో, చిన్న ముఖాలకు విడిగా ఉంచండి. చూపు తక్కువున్నవాళ్ళకు మైనస్ రెండు నుంచి మైనస్ ఐదు దాకా పవర్ ఉన్న నాలుగు మాస్కులు పెట్టి చూడండి. కళ్ళజోడు తీసేసి మసకలో తిరిగొచ్చిన మనిషి "ఏం కనపడలేదు" అని ఇంటికెళతాడు, అతనికి కోర్సు ఎలా అమ్ముతారు?

అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేది వెయిట్లు, అంటే మునగడానికి కట్టే సీసపు బరువులు. మునగడం తేలికవుతుందని కొత్తవాళ్ళకు రెండు మూడు కిలోలు ఎక్కువ కట్టడం రివాజు. ఎక్కువ సీసం వేస్తే బీసీడీలో (తేలడానికి గాలి నింపే జాకెట్టులో) ఎక్కువ గాలి నింపాలి, మనిషి నిలువుగా వేలాడతాడు, కాళ్ళు దిబ్బకు తగులుతాయి, ఆయాసపడి గాలి తాగేస్తాడు. లెక్క చూడండి. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు వాడేవాడు 12 మీటర్ల దగ్గర 44 వాడతాడు, అతని 1,665 లీటర్లు 38 నిమిషాలొస్తాయి. 30 లీటర్లు వాడేవాడికి అవే 25 నిమిషాలు. గ్రూపు మొత్తం ఆ 25 నిమిషాలకే పైకొస్తుంది. మిగతా ముగ్గురూ కొన్నది 38 నిమిషాల డైవ్. రివ్యూలో ఒక నక్షత్రం అక్కడే పోయింది.

సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు వెయిట్ చెక్ ఇలా చేయించండి. బీసీడీ ఖాళీ చేసి, మామూలు ఊపిరి పట్టి ఉన్నప్పుడు నీటి గీత కళ్ళ దగ్గర ఉండాలి. నిండు సిలిండర్‌తో చేస్తే రెండు కిలోలు కలపాలి, ఎందుకంటే డైవ్ అయ్యేసరికి ఖర్చయ్యే గాలి బరువే అంత. దీనికి రెండు నిమిషాలు చాలు.

ఇక తిరిగొచ్చేటప్పుడు. ట్రై డైవ్‌ను కొన్ని షరతులతో ఓపెన్ వాటర్ కోర్సులోని మొదటి సముద్రపు డైవ్‌గా లెక్కించుకునే వీలుంది. ఈ సంగతి బోటు మీదే, ఒంటిమీద తడి ఆరకముందే చెప్పాలి. థియరీ ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే చదువుకోవచ్చు కాబట్టి సెలవు అయిపోతోందన్న సాకు సగం పోతుంది. ఒక ఇబ్బందీ ఉంది. ఆన్‌లైన్ థియరీ రుసుము ఏజెన్సీకి పోతుంది, పాఠం చెప్పే రోజు మీకు తగ్గుతుంది. కోర్సు ధరను పాత క్లాస్‌రూమ్ లెక్కతోనే ఉంచితే మార్జిన్ ఎటు పోయిందో తెలియదు, దాన్ని కొత్తగా కట్టాలి.

ఇన్‌స్ట్రక్టర్ల గురించి ఒక మాట. కొత్త ఇన్‌స్ట్రక్టర్లు పుష్కలంగా దొరుకుతారు, కాబట్టి జీతం తొక్కిపెట్టొచ్చని యజమానుల ధీమా. సీజన్ మధ్యలో ఒకరు మానేస్తే ఆ వారం బోటు ముగ్గురు తక్కువగా వెళుతుంది. పై లెక్కలో అది రోజుకు 30 యూనిట్లు.

తెరచాప

వెయిట్ల సంగతి అసలు తట్టలేదు. గాలిసిలిండర్ గారూ, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చగలిగే ఒత్తిడికి తగ్గించే సాధనం) సర్వీసింగ్ బయట ఇవ్వడం మంచిదా, ఒకరికి నేర్పించి ఇక్కడే చేయించడం మంచిదా? 16 సెట్లు ఉన్నాయి.

గాలిసిలిండర్

సీజన్‌లో 16 సెట్లంటే ఒక్కోటి ఏడాదికి 150 నుంచి 200 డైవ్‌లు చూస్తుంది. కంపెనీలు ఏడాదికో, రెండేళ్ళకో, లేదంటే 100 డైవ్‌లకో అని చెప్పే గడువు అద్దె సామానుకు సీజన్ మధ్యలోనే అయిపోతుంది. ఆ సంఖ్యకు ఒక మనిషిని మీ బ్రాండ్ కంపెనీ టెక్నీషియన్ కోర్సుకు పంపితే గిట్టుబాటవుతుంది. షరతు ఒక్కటే. 16 సెట్లూ ఒకే బ్రాండు, ఒకే మోడల్ ఉండాలి. నాలుగు బ్రాండ్లుంటే నాలుగు సర్వీస్ కిట్లు, నాలుగు మాన్యువల్స్, ఏదీ సమయానికి ఉండదు.

నడుమ తనిఖీ ఎవరైనా చేయొచ్చు. బీసీడీ గొట్టానికి చిన్న గేజ్ తగిలించి ఇంటర్మీడియట్ ప్రెషర్ (సిలిండర్ దగ్గరి ఫస్ట్ స్టేజ్ నుంచి నోటి దగ్గరి సెకండ్ స్టేజ్ దాకా వెళ్ళే గాలి ఒత్తిడి) చూడండి. ఎక్కువ మోడళ్ళకు 9 నుంచి 10 బార్. పర్జ్ (నోటి దగ్గర గాలి వదిలే బటన్) నొక్కి వదిలాక ముల్లు ఒక చోట ఆగాలి. ఆగకుండా మెల్లగా ఎక్కుతుంటే హై ప్రెషర్ సీటు అరిగినట్టు, కాసేపట్లో సెకండ్ స్టేజ్ దానంతటదే గాలి వదలడం మొదలుపెడుతుంది. వారానికోసారి 16 చూడ్డానికి అరగంట.

చెడిపోయేవాటిలో సగం కడగడంలో పోతాయి. డస్ట్ క్యాప్ తడిగా బిగించడం, ఫస్ట్ స్టేజ్ నీళ్ళలో ఉండగా పర్జ్ నొక్కడం, బీసీడీ లోపల ఉప్పునీళ్ళు వదిలేయడం. బీసీడీకి గాలి ఎక్కించే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఉప్పు పట్టి నొక్కినచోటే ఉండిపోతే కొత్త డైవర్ బెలూన్‌లా పైకి పోతాడు. తొట్టిలో నీళ్ళు మధ్యాహ్నానికే ఉప్పవుతాయి, రోజుకు రెండుసార్లు మార్చాలి. సూట్ల తొట్టి వేరుగా ఉండాలి, ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు.

తీరంకాపు

ఇప్పటిదాకా ఎవరూ ముట్టని పద్దు ఇన్సూరెన్స్. ప్రీమియం ఎంతని కాదు, క్లెయిమ్ వస్తే చెల్లుతుందా అన్నది ప్రశ్న. పాలసీలో "క్లెయిమ్ వచ్చిన కాలానికి" అని ఉందో, "ఘటన జరిగిన కాలానికి" అని ఉందో చదవండి. మొదటి రకమైతే, సీజన్ అయ్యాక పాలసీ ఆపేసి డబ్బు మిగిల్చామనుకునేవాళ్ళకు ఆరు నెలల తర్వాత వచ్చే నోటీసుకు రక్షణ ఉండదు.

సంతకం చేయించుకున్న మాఫీ పత్రం అన్నిచోట్లా కవచం కాదు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం (అంతకుముందు 1977 నాటి చట్టం) ప్రకారం నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి, గాయానికి బాధ్యతను కాగితంతో తప్పించుకోలేరు. అందుకే అసలు విలువ రికార్డులది. ఎవరు ఎప్పుడు దిగారు, ఎప్పుడు ఎక్కారు, సిలిండర్ ప్రెషర్ ఎంత, గాలి పరీక్ష తేదీ ఏది.

1998లో గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఇద్దరు డైవర్లను సముద్రంలోనే వదిలి బోటు వెనక్కి వచ్చింది, వాళ్ళు దొరకలేదు. పేరు పిలిచి ఆ మనిషి చేతే టిక్ పెట్టించాలి. తలలు లెక్కపెట్టడం చాలదు, దుస్తులు మార్చుకుంటూ అటూ ఇటూ తిరిగే ఒక్కరిని రెండుసార్లు లెక్కించడం సులువు. 2019లో కాలిఫోర్నియా దగ్గర కన్సెప్షన్ అనే డైవ్ బోటు రాత్రిపూట కాలి 34 మంది చనిపోయారు, అందరూ నిద్రపోతుండగా కాపలా తిరిగే మనిషి లేడు. మంటకు కారణం తేలలేదు గానీ, చార్జింగ్‌లో ఉన్న లిథియం బ్యాటరీల మీద అందరి చూపూ పడింది. మీది పగటి బోటే అయినా టార్చీలు, కెమెరాల చార్జింగ్ మనుషుల కళ్ళెదుట, పైడెక్ మీదే జరగాలి. ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు అడిగేదీ అదే కావచ్చు.

మెడికల్ ఫారం 2020లో మారింది. పాతది ఇంకా జిరాక్స్ తీసి వాడుతుంటే ఈరోజే మార్చండి. దాన్ని బోటు మీద కాకుండా బుకింగ్ సమయంలోనే పంపాలి. అందులో కొన్ని ప్రశ్నలకు "అవును" అని టిక్ పెట్టిన మనిషికి డాక్టర్ సంతకం కావాలి, అది రేవు దగ్గర దొరకదు. వెనక్కి పంపితే సీటు ఖాళీ, ఎక్కించుకుంటే పాలసీ పోతుంది. హోటల్ ద్వారా వచ్చేవాళ్ళ దగ్గర ఈ ఫారం ముందు రాదు. కాబట్టి కమీషన్ ఒప్పందంలోనే ఆ షరతు రాయించండి.

పగడపుదిబ్బ

రెండో బోటు కొనేముందు ఐదేళ్ళ తర్వాత ఎక్కడ దించుతారో కూడా చూసుకోండి. నాలుగో ప్రపంచవ్యాప్త పగడాల బ్లీచింగ్‌ను (సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారడాన్ని) 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. థాయిలాండ్‌లో మాయా బేను 2018లో మూసి 2022లో తెరిచారు. సిమిలన్ దీవులను ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూస్తారు. ఒకే దిబ్బ మీద బతికే సెంటర్‌కు అలాంటి ఒక్క ఆర్డరు చాలు. లోతు తక్కువ ఇసుక నేల, మునిగిన ఓడ, రాతి గోడ లాంటి చోట్లు రెండు మూడు ఇప్పటి నుంచే చూసి పెట్టుకోవాలి. ట్రై డైవ్‌లకు పగడం లేని ఇసుక చోటే మేలు, తన్నినా ఏమీ విరగదు.

సామాను అమ్మి నిలబడదామని మాత్రం లెక్క వేయకండి. 2022 నుంచి యాపిల్ వాచ్ అల్ట్రా కూడా 40 మీటర్ల దాకా డైవ్ కంప్యూటర్‌గా (లోతు, సమయం చూపే పరికరంగా) పనిచేస్తోంది. కంప్యూటర్, ఫిన్లు ఆన్‌లైన్‌లో మీకన్నా తక్కువకే దొరుకుతాయి. మీరు అమ్మగలిగింది ముఖానికి పెట్టి చూసి కొనే మాస్కు, వేసుకుని చూసే సూటు, సర్వీసింగ్. గోడ నిండా స్టాకు పెడితే అది డబ్బు కాదు, దుమ్ము.

తెరచాప

అందరికీ ధన్యవాదాలు. రేటు తగ్గించే ప్రతిపాదనను ఈ 9, 10 అంకెలు చూపించి ఆపుతాం. ముందు కంప్రెసర్ గదికి డక్టు, ట్రై డైవ్‌వాళ్ళ వెంటపడే పద్ధతి, హోటళ్ళతో మెడికల్ ఫారం షరతు. ఇంకొక్క సందేహం. రాత్రి 207 బార్‌కు నింపినవి పొద్దున్నే 195 లోపు చూపిస్తున్నాయి. వాల్వుల్లో లీకా?

గాలిసిలిండర్

లీకు కాకపోవచ్చు. త్వరగా నింపితే సిలిండర్ 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. అది 30కి చల్లారితే 207 కాస్తా 194 అవుతుంది. వాల్వును సబ్బు నీళ్ళలో ముంచి చూడండి, బుడగ రాకపోతే లీకు లేదు. చల్లారాక 207 కావాలని వేడి మీద 220 కొట్టించకండి. నెమ్మదిగా నింపి, గంట ఆగి, పైన కొంచెం నింపండి. గేజ్ ఒకటి కాక రెండింటితో సరిచూసుకోండి, అద్దె గేజ్‌లు 10 బార్ అటూ ఇటూ చూపించడం మామూలే.